తలుపు చప్పుడు

పాత కారు కొనాలనుకుంటున్నామని ఎవరితోనైనా ఒక్కమాట అని చూడండి. ఆడపిల్లకి సంబంధాలు చూస్తున్నామని చెప్పినా అన్ని సలహాలు రావు. ఎదురింటి ఇస్త్రీ అబ్బాయి దగ్గర్నుంచి మావారి కాలేజీ ప్రిన్సిపాలు దాకా ఈ విషయంలో అందరూ పండితులే! అందులోనూ కొనబోయేది జర్మనీ కంపెనీ బండి అన్నామా, సగంమంది "ఇనుమండీ, ఉక్కు ముక్క!" అంటారు. మిగతా సగంమంది "కొనడం తేలికేనమ్మా, మేపడమే కష్టం" అని నిట్టూరుస్తారు. ఇలా చెప్పినవాళ్ళలో ఆ కారు స్టీరింగు పట్టుకున్నవాళ్ళెందరని నేను అడగలేదు. అడిగితే సలహాలు ఆగిపోతాయి. సలహాలు ఆగిపోతే నాబోటి కథలు రాసుకునేదానికే నష్టం.

కారు ఎందుకు కావలసి వచ్చిందో చెప్పాలి కదా. మా అత్తయ్యకి వారానికి మూడుసార్లు డయాలిసిస్. ఆవిడది పొద్దుటి మొదటి షిఫ్టు. ఆరింటికల్లా అక్కడ మంచం మీద ఉండాలంటే ఇక్కడ అయిదింటికి గుమ్మం దిగాలి. ఆ వేళప్పుడు ఫోనులో పిలిచిన క్యాబు వస్తున్నాను వస్తున్నానంటూనే చివరికి రాదు. మ్యాపులో ఆ చిన్న కారు బొమ్మ మా వీధి మొదటిదాకా వచ్చి, ఏమనుకుంటుందో ఏమో, వెనక్కి తిరిగిపోతుంది. ఇక నాలుగు గంటలు యంత్రం మీద ఉండి లేచిన మనిషి ఎండలో నిలబడి ఆటో కోసం చూడ్డం గురించి నేను వేరే రాయనక్కర్లేదు.

కొత్త కారు మా లెక్కలో లేదు. మావారు డిగ్రీ కాలేజీలో చరిత్ర చెబుతారు, నేను నవలలు రాస్తాను. ఈ రెంటిలో ఏది చెప్పినా బ్యాంకులో లోను ఇచ్చే అబ్బాయి మొహం ఒకేలా పెడతాడు. చేతిలో ఉన్నది నాలుగున్నర లక్షలు. అందులో మంచి బండి కావాలి. చలికాలం తెల్లారి అయిదింటికి తాళం తిప్పగానే కదలాలి. 'నమ్మకమైన కారు' అన్నమాటకి నా నిఘంటువులో అర్థం అంతే.

అసలు కార్ల గురించి నాకున్న పూర్వజ్ఞానమంతా నవలల్లోంచి వచ్చిందే. మా అమ్మ సీరియళ్ళు చించి బైండు చేయించి దాచుకునేది. వాటిలో హీరో పడవలాంటి కారులో వచ్చి హీరోయిన్ పక్కన మెత్తగా ఆపేవాడు. ఆ కారు ఎన్నో ఓనరుదో ఏ రచయిత్రీ రాయలేదు. ఇన్సూరెన్సు ఉందో లేదో ఏ హీరోయినూ అడగలేదు. వానలో తడిసిన పిల్ల కారెక్కేముందు టైరు మీద తేదీ చూస్తే కథ ఎలా నడుస్తుంది చెప్పండి?

మేం అనుకున్నది వోక్స్‌వ్యాగన్ పోలో. జర్మనీ బండి అని నోరారా అంటాంగాని మన దేశంలో తిరిగే పోలోల జన్మస్థలం పూనా పక్కన చాకన్. 2009లో అక్కడ ఫ్యాక్టరీ తెరిచారు. 2010 నుంచి 2022 దాకా పోలో అమ్మి, తర్వాత ఆపేశారు. అంటే పిల్ల మరాఠీ పిల్ల, ఇంటిపేరు జర్మనీది. ఇప్పుడు పోలో కావాలంటే ఎవరో ఒకరు నడిపినదే కొనుక్కోవాలి. విడిభాగాలకి దిగుల్లేదు. దానితోపాటు పుట్టిన వెంటో, స్కోడా వాళ్ళ ర్యాపిడ్ – వీటన్నిటికీ చాలా సామాను ఒకటే.

పోలో అమ్మేవాడు ముందుగా చేసే పని ఒకటుంది. తలుపు తెరిచి వేస్తాడు. ధబ్! అంటుంది. బ్యాంకు లాకరు తలుపు వేసినట్టు నిండుగా ఉంటుంది ఆ చప్పుడు. "విన్నారా మేడమ్?" అంటాడు. విన్నానంటాను. "ఇంకోసారి వినండి" అని మళ్ళీ వేస్తాడు. మేం ఆరు కార్లు చూశాం, ఆరింటి తలుపులూ విన్నాం. మావారైతే ఇంజను సంగతి మరిచిపోయి కళ్ళు మూసుకుని సంగీత కచేరీలో తల ఊపినట్టు ఊపారు.

ఆ చప్పుడు గురించి చదివిన సంగతొకటి చెబుతాను. 2014లో గ్లోబల్ ఎన్‌క్యాప్ అనే సంస్థ మన దేశపు కార్లని గంటకి 64 కిలోమీటర్ల వేగంతో గుద్దించి చూసింది. ఎయిర్‌బ్యాగులు లేని పోలోకి పెద్దవాళ్ళ రక్షణ విషయంలో వచ్చిన నక్షత్రాలు సున్న! రెండు ఎయిర్‌బ్యాగులున్న పోలోకి నాలుగు వచ్చాయి. బండి ఒళ్ళు గట్టిగానే నిలిచింది, లోపల కూర్చున్న మనిషి బొమ్మకే దెబ్బలు తగిలాయి. రెండు బళ్ళకీ తలుపు చప్పుడు మాత్రం ఒకటే. ఆ ఏడాదే కంపెనీవాళ్ళు బ్యాగులు లేని పోలోలు ఇక్కడ అమ్మడం మానేశారు. దాంతో మా మొదటి షరతు తేలింది: 2014 కి ముందు బండి వద్దు, ఎంత చవగ్గా ఇచ్చినా సరే.

రెండో షరతు, డీజిల్ వద్దు. 2015లో ఈ కంపెనీ ప్రపంచమంతా తలదించుకుంది. పరీక్ష జరుగుతున్నట్టు పసిగట్టి, ఆ కాసేపు తక్కువ పొగ వదిలి, రోడ్డెక్కగానే ఎక్కువ వదిలేలా డీజిల్ ఇంజన్లలో ఒక ప్రోగ్రాము పెట్టారని అమెరికాలో బయటపడింది. ఇన్‌స్పెక్టరు వచ్చినరోజు మాత్రం బుద్ధిగా పాఠం చెప్పే మాస్టారిలాగా అన్నమాట! మన దేశంలోనూ మూడు లక్షల ఇరవై వేల పైచిలుకు కార్లు వెనక్కి పిలుస్తామన్నారు. ఆ డీజిళ్ళు నడవవని కాదు, హాయిగా నడుస్తున్నాయి. మేం తిరిగేది రోజుకి ముప్ఫై కిలోమీటర్లు, దానికి డీజిలెందుకు? మూడో షరతు, దానంతట అది గేర్లు మార్చుకునే డి.ఎస్.జి. వద్దు. నడపడానికి వెన్నపూసే గాని, అందులో మెకట్రానిక్ అనే భాగం మొండికేస్తే బాగుచేయించడానికి లక్ష దాటుతుందట. గేరు మార్చడానికి నాకు చెయ్యుందిగా.

ఈ షరతులన్నీ విని మావారు చరిత్రలోకి వెళ్ళిపోయారు. ఆయన్ని ఆపడం నావల్ల కాదు. వోక్స్‌వ్యాగన్ అంటే జర్మన్ భాషలో 'ప్రజల కారు'. 1938లో హిట్లర్ ప్రభుత్వం ఒక పథకం పెట్టింది. వారానికి అయిదు మార్కుల చొప్పున స్టాంపులు కొని పుస్తకంలో అంటించుకుంటూ పోతే, 990 మార్కులు పూర్తయ్యాక కారు ఇస్తారు. మన చిట్‌ఫండు లాంటిదే. మూడు లక్షల ముప్ఫై వేలమందికి పైగా చేరి స్టాంపులు అంటించుకున్నారు. ఈలోగా యుద్ధం వచ్చింది. ఫ్యాక్టరీ సైన్యం బళ్ళు తయారుచేసింది. స్టాంపుల వాళ్ళలో ఆ పథకం కింద కారు అందుకున్నవాళ్ళు ఒక్కరూ లేరు. యుద్ధం అయ్యాక శిథిలాల మధ్య అదే ఫ్యాక్టరీని ఒక బ్రిటిష్ మేజరు మళ్ళీ నడిపించాడు. ఆ తాబేలు ఆకారపు బీటిల్ కార్లు 2003లో మెక్సికోలో చివరిది తయారయ్యేదాకా రెండు కోట్ల పదిహేను లక్షలు అమ్ముడుపోయాయి.

"జర్మనీ దాకా ఎందుకండీ, మన విశాఖపట్నం సంగతో?" అన్నాను. 2005 నాటి మాట మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. విశాఖకి వోక్స్‌వ్యాగన్ ఫ్యాక్టరీ వస్తోందని ఊరూవాడా ఒకటే సంబరం. అప్పటి మన ప్రభుత్వం పదకొండు కోట్ల పైచిలుకు రూపాయలు ఒక కంపెనీ ఖాతాలో వేసింది. తర్వాత చూస్తే ఆ కంపెనీకీ మాకూ సంబంధం లేదని వోక్స్‌వ్యాగన్ వాళ్ళే చెప్పారు! సి.బి.ఐ. దర్యాప్తు జరిగింది. ఫ్యాక్టరీ పూనా పక్కకి వెళ్ళిపోయింది. అంతటి ప్రభుత్వమే అవతలివాడి కాగితాలు సరిగ్గా చూడకుండా జర్మనీ కారుకి అడ్వాన్సు ఇచ్చిందంటే, నాలుగున్నర లక్షలదాన్ని నేనెంత చూసుకోవాలి?

జర్మనీలో మా పిన్ని కొడుకు ఉన్నాడు. వాడికి ఫోన్ చేసి, మీ ఊళ్ళో పాత కార్లు ఎలా కొంటార్రా అని అడిగాను. వాడు చెప్పింది విని నాకు నవ్వొచ్చింది. మనం జర్మనీ పేరు చూసి నమ్ముతాం, జర్మనీవాళ్ళు మాత్రం జర్మనీ బండినే నమ్మరట! అక్కడ రెండేళ్ళకోసారి బండిని ఆసాంతం పరీక్ష చేయించి నంబరు ప్లేటు మీద ముద్ర వేయించుకోవాలి. అమ్మేటప్పుడు సర్వీసు పుస్తకం చూపించాలి. ప్రతి సర్వీసుకీ ముద్ర ఉందా, మధ్యలో ఏడాది ఖాళీ ఉందా అని కొనేవాడు పేజీలు తిప్పి చూస్తాడు. "అక్కా, బాడ్జి చూడకు, బిల్లులు చూడు" అన్నాడు వాడు. అంతమంది చెప్పిన సలహాల్లో నేను పమిట కొంగున ముడేసుకున్నది ఈ ఒక్కటే.

మాకు తెలిసిన మెకానిక్ ఒకాయన ఉన్నాడు, మలక్‌పేట వైపు షెడ్డు. మావారికి స్కూటరు కాలం నుంచీ పరిచయం. ఆయన్ని వెంటబెట్టుకుని వెళ్ళేవాళ్ళం. ఆయన మాట చూడండి: "గాడీ మంచిదే మేడమ్. జర్మనోడు ఖరాబు చెయ్యడు, మనోళ్ళు ఖరాబు చేస్తరు. గులాబీ నీళ్ళు పొయ్యాల్సిన జాగల పచ్చనీళ్ళు పోస్తరు." ఇంజను చల్లబరిచే ద్రవం ఈ బళ్ళకి గులాబీ రంగులో ఉంటుంది. బజార్లో దొరికే ఆకుపచ్చది అందులో కలిపారంటే, ఎక్కడో దారిలో పోసుకుని పని కానిచ్చారన్నమాట. ఆయన బానెట్ తెరిచి మొట్టమొదట ఆ డబ్బా రంగు చూస్తాడు. తర్వాత బోల్టుల మీద రంగు గీరుకుపోయిందా అని చూస్తాడు. గీరుకుపోతే ఎప్పుడో విప్పి మార్చారని లెక్క. స్టీరింగు కింద ఒక సాకెట్ ఉంటుంది, దానికి తన యంత్రం తగిలించి కారు నాడి పట్టుకుంటాడు. ఏదైనా లోపం నమోదైతే, చాలాసార్లు అప్పటి కిలోమీటర్ల అంకె కూడా దాని పక్కనే పడుతుందట. మీటరు వెనక్కి తిప్పే మహానుభావులు ఈ అంకెని మరిచిపోతారు. ఒక బండి మీటరు నలభై వేలు చూపిస్తోంది. యంత్రంలో ఎప్పటిదో పాత లోపం డెబ్భై ఒక్కవేల దగ్గర నమోదై ఉంది! అమ్మేవాడు తడుముకోకుండా "కంప్యూటర్ మిస్టేక్ మేడమ్" అన్నాడు.

ఇంకొకచోట తళతళలాడే తెల్ల పోలో చూపించారు. ధర చూస్తే మిగతావాటికంటే లక్ష తక్కువ. నా గుండె ఝల్లుమంది, సంతోషంతోనే లెండి. మెకానిక్ ఏమీ మాట్లాడకుండా వెనక సీటు బెల్టు పట్టుకుని చివరంటా బయటికి లాగాడు. మామూలుగా ఎవరూ లాగనంత దూరం లాగాక, బెల్టు మీద అడ్డంగా గోధుమరంగు గీత కనిపించింది. అవతల బెల్టుకీ అదే ఎత్తున అదే గీత. "టీ పడింది సార్" అన్నాడు షాపు అబ్బాయి. రెండు బెల్టులకీ ఒకే ఎత్తున ఒలికే టీని నేనింతవరకూ చూడలేదు. డిక్కీలో స్టెప్నీ టైరు ఎత్తితే కింద మూలల్లో ఎండిన ఒండ్రు. 2020 అక్టోబరులో హైదరాబాదులో ఆ రెండు రాత్రుల వానకి కార్లు కాగితప్పడవల్లా కొట్టుకుపోవడం అందరం టీవీలో చూశాం. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి బెజవాడ మునిగినప్పుడూ చూశాం. అలా మునిగిన కార్లు ఏమైపోయాయని అప్పట్లో ఎవరం ఆలోచించలేదు. కడుగుతారు, సీటు కవర్లు మారుస్తారు, అత్తరు కొడతారు, మనలాంటివాళ్ళ కోసం నిలబెడతారు. వైర్లలోకి దూరిన నీళ్ళు ఏ ఏడాదికో, ఏ తెల్లవారుజామునో తమ సంగతి చెబుతాయి. ఆ తెల్లవారుజాము మా అత్తయ్యకి డయాలిసిస్ రోజు అయితే? లక్ష రూపాయల లాభాన్ని అక్కడే వదిలేసి వచ్చాం.

చివరికి మాకు నచ్చిన బండి షాపులో దొరకలేదు. అల్వాల్‌లో బ్యాంకు ఉద్యోగం చేసి రిటైరయిన ఒక పెద్దాయన ఇంట్లో దొరికింది. 2018 మోడలు, ఒక లీటరు పెట్రోలు ఇంజను, ముప్ఫై ఎనిమిది వేల కిలోమీటర్లు తిరిగింది, మొదటి ఓనరు ఆయనే. ఆయన కారు చూపించలేదు. ముందు కూర్చోబెట్టి ఒక ఫైలు చూపించారు. ఏడాదికోసారి సర్వీసు, బిల్లులన్నీ తేదీల వరసలో పంచ్ చేసి ఉన్నాయి. ఏ రకం ఇంజనాయిలు పోశారో దాని నంబరుతో సహా ఉంది. అది కాక ఒక డైరీ. పెట్రోలు పోయించిన ప్రతిసారీ తేదీ, లీటర్లు, కిలోమీటర్లు. సగటు పద్నాలుగు. ఒకచోట పక్కన 'తిరుపతి – 17.2' అని రాసి కింద గీత గీసుకున్నారు. ఆ డైరీ చూసిన క్షణంలోనే కారు మాదైపోయిందని నాకు తెలిసిపోయింది. నవలలు రాసేదాన్ని, ఒక మనిషి ఎలాంటివాడో చేతిరాతలో కనిపిస్తే వదులుకుంటానా?

"ఎందుకమ్ముతున్నారండీ?" అని మావారు అడిగారు. ఆయన వెంటనే జవాబు చెప్పలేదు. లోపల్నుంచి ఆయన భార్య, "రాత్రిళ్ళు ఎదురుగా లైట్లు పడితే కనబడ్డం లేదు బాబూ ఆయనకి. పిల్లలు అమెరికానుంచి రోజూ పోరు" అన్నారు. ఆయన చిన్నగా దగ్గి ఫైలు సర్దుకున్నారు. మా తర్వాత ఎవరైనా వచ్చి ఉంటే ఆయన ఇంకొన్నాళ్ళు దాచుకునేవారేమో అనిపించింది.

"ఎవరమ్మా నడిపేది?" అని నన్నడిగారు. నేనేనండీ అన్నాను. "ఎంత తిరుగుతారు?" "వారానికి మూడు రోజులు. పొద్దున్న అయిదింటికి." ఆ దంపతులిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. "డయాలిసిసా?" అన్నారు ఆవిడ. వాళ్ళింట్లోనూ ఎవరో ఆ బాధ పడి ఉంటారు. నేను తలూపాను, ఆవిడ ఇంకేం అడగలేదు, కాఫీ తెచ్చి ఇచ్చారు. అయితే ఆ మాటకి పెద్దాయన ధర తగ్గించారనుకోకండి. బేరం బేరమే. నాలుగు లక్షల డెబ్భై అయిదు వేలు అన్న మనిషి పైసా దిగలేదు. కాని ఒకమాట అన్నారు: "అయితే ఇప్పుడు చూడొద్దు. పొద్దున్న వచ్చాను కూరలకెళ్ళి, ఇంజను వెచ్చగా ఉంది. రేపు అయిదింటికి రండి. చల్లటి ఇంజను స్టార్ట్ చేసి చూసుకోండి." షాపులవాళ్ళు మేం వెళ్ళేసరికి బండి వేడిచేసి ఉంచేవారు. మెకానిక్ బానెట్ మీద చెయ్యి వేసి "గరం" అని పెదవి విరిచేవాడు. వేడి ఇంజను ఏ రోగాన్నైనా కాసేపు దాచిపెడుతుందట.

మర్నాడు చీకటితో వెళ్ళాం. మంచు బాగా పడుతోంది. పెద్దాయన మఫ్లరు చుట్టుకుని గేటు దగ్గరే నిలబడి ఉన్నారు. మెకానిక్ బానెట్ తాకి చూసి "ఠండా" అన్నాడు. తాళం నా చేతికిచ్చారు. తిప్పాను. ఒక్క క్షణం వణికింది, మూడు సిలిండర్ల ఇంజను, ఆ వణుకు దాని స్వభావమే. తర్వాత నెమ్మదించి గురగురమంటూ నిలబడింది. వెనక పొగ లేదు, మీటరులో ఏ ఎర్రదీపమూ మిగల్లేదు. వీధి చివరిదాకా వెళ్ళి వచ్చాను. ఫ్లైఓవరు ఎక్కేటప్పుడు ఏసీ ఆపుకోవలసినంత నీరసం ఉంది ఆ ఇంజనులో, అది మాకు ముందే తెలుసు. ఆస్పత్రికి వెళ్ళే బండికి పరుగు పందెం అక్కర్లేదు కదా.

ధర మాత్రం టైర్ల దగ్గర తగ్గింది. టైరు పక్కన చివరి నాలుగంకెలు అది పుట్టిన వారమూ సంవత్సరమూ చెబుతాయి. నాలుగింటికీ 1118 అని ఉంది, అంటే 2018లో పదకొండో వారం. గాళ్ళు బాగానే ఉన్నా రబ్బరుకి ముసలితనం వచ్చేసింది. మెకానిక్ టార్చి వేసి పగుళ్ళు చూపించాడు. పెద్దాయన కళ్ళజోడు పెట్టుకుని వంగి చూసి, లోపలికెళ్ళి కాగితం మీద ఏదో లెక్క వేసుకొచ్చి, "నాలుగు లక్షల నలభై" అన్నారు. మా దగ్గరున్నదాంట్లో పదివేలు మిగిలింది, టైర్లకి ఇంకో పదిహేను వేలు అప్పు పడింది.

కాగితాల దగ్గర మాత్రం నేనే పట్టుబట్టాను. ఫారం 29, ఫారం 30 సంతకాలు. లోను తీరినట్టు ఫారం 35 ఎప్పుడో పెట్టేసి ఆర్.సి.లో బ్యాంకు పేరు కొట్టించేశారు ఆయన. చలాన్లు చూస్తే ఒకటి ఉంది, సిగ్నలు దగ్గర గీత దాటారట. ఆయన సిగ్గుపడి అప్పటికప్పుడే కట్టేశారు. "ట్రాన్స్‌ఫరుకి తొందరేముంది, నెమ్మదిగా చేయించుకోండి" అని మా మరిది ఫోనులో అన్నాడు. తొందర ఉంది నాయనా! 2018లో సుప్రీంకోర్టు చెప్పింది, బండి అమ్మేసినా ఆర్.సి.లో పేరు మారేదాకా ప్రమాదం జరిగితే పరిహారం బాధ్యత ఆ పేరున్నవాళ్ళదేనని. మేం ఎక్కడైనా ఎవర్నైనా గుద్దితే అల్వాల్ పెద్దాయన కోర్టు మెట్లెక్కాలా? ఇన్సూరెన్సు కూడా పద్నాలుగు రోజుల్లోగా మార్పించుకోవాలి. అందులో ఇంకో తిరకాసుంది: ప్రమాదాలు లేకుండా నడిపినందుకు ఇచ్చే నో క్లెయిమ్ బోనస్ మనిషిదేగాని బండిది కాదు. అది ఆయన దగ్గరే ఉండిపోయింది. ఇక కారు కొనని ఆయనకి ఆ బోనసు దేనికి పనికొస్తుందో గాని, నిబంధన నిబంధనే.

మొదటి మంగళవారం అత్తయ్యని ఎక్కించాం. పోలోలో వెనక సీటు ఇరుకని లోకమంతా ఎరుగుదురు. ముందు సీటు ముందుకి జరిపితే ఆవిడ మోకాళ్ళకి చోటొచ్చింది. ఎడమవైపు కూర్చున్నారు. నేను స్టీరింగు దగ్గర కూర్చుని తాళం తిప్పాను, ఇంజను పలికింది. మీటరులో తలుపు వెయ్యలేదని గుర్తు వెలుగుతూనే ఉంది. వెనక్కి తిరిగి చూస్తే ఆవిడ తలుపు లాగుతున్నారు, అది రావడం లేదు. ఊరంతా మెచ్చుకున్న బరువైన తలుపు అది. ఆవిడ ఎడమచేతికి ఫిస్టులా ఉంది, ఆ చేత్తో బరువు లాగకూడదు. కుడిచెయ్యి అంతదూరం అందదు. "నువ్వు దిగకే, నేను వేస్తాను" అంటూనే ఉన్నారు. దిగి, చుట్టూ తిరిగి వెళ్ళి, ఆవిడ చీర కుచ్చిళ్ళు లోపలికి సర్ది తలుపు వేశాను. వారానికి మూడు రోజులు, వెళ్ళేటప్పుడొకసారి వచ్చేటప్పుడొకసారి, ఆ తలుపు వేసేది నేనే.